జ్యూరిక్‌లో మీ డెమోకి చప్పట్లు ఎందుకు రాలేదంటే

మీ ప్రశ్న చదివి ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత కొంచెం బాధేసింది. పదకొండేళ్ల కిందట నేనూ అచ్చం ఇదే చేశాను. మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో మూడేళ్లు, డాలస్‌లో ఐదేళ్లు, అంతా అమెరికన్ కంపెనీల్లోనే పని. ఇప్పుడు జ్యూరిక్‌లో ఒక స్విస్ కంపెనీలో చేరి రెండు నెలలైంది. రెండు వారాలు రాత్రీ పగలూ కూర్చుని ఒక ప్రోటోటైప్ చేసి చూపిస్తే అందరూ "చాలా ఆసక్తికరంగా ఉంది" అని లేచి వెళ్లిపోయారు, మళ్లీ దాని ఊసే లేదు. మేనేజర్ పిలిచి "మీరు కొంచెం తొందరపడుతున్నారు" అన్నాడు. సాయంత్రం ఆరు దాటితే ఎవరూ పలకరు. ప్రొబేషన్ ఇంకో నెల ఉంది, డాలస్ పాత మేనేజర్ ఏమో వెనక్కి వచ్చేయమంటున్నాడు. వెళ్లిపోవాలా, ఉండాలా, ఉంటే ఏం మార్చుకోవాలి అని అడిగారు.

నా సంగతి కూడా చెప్పేస్తాను, ఎవరు చెప్తున్నారో తెలియాలి కదా. గచ్చిబౌలిలో ఆరేళ్లు, న్యూజెర్సీలో ఐదేళ్లు, రెండు చోట్లా అమెరికన్ కంపెనీలే. తర్వాత జ్యూరిక్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ, అక్కడి నుంచి ఇంకోటి. వింటర్‌థూర్‌లో ఉంటూ రోజూ రైల్లో వెళ్లొస్తాను. జర్మన్ మాట్లాడే వైపు సంగతులే నాకు బాగా తెలుసు. ఫ్రెంచ్ మాట్లాడే జెనీవా, లొజాన్ వైపు పద్ధతులు కొంచెం వేరు, కాబట్టి ఇదంతా జ్యూరిక్ చుట్టుపక్కల మాటే అనుకోండి.

నేను చేరిన నాలుగో వారంలో మా టీమ్ సాఫ్ట్‌వేర్ విడుదల చేసే పద్ధతి చూసి ఒళ్లు మండిపోయింది. ఒక ఎక్సెల్ షీటు, అందులో నలభై ఏడు మెట్లు, ఒక్కో మెట్టు పక్కన ఒకరి పొట్టి సంతకం. ఇదేం ఖర్మరా బాబూ అనుకుని శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి ఆదివారం రాత్రికల్లా మొత్తం ఆటోమేట్ చేసి పారేశాను. సోమవారం పొద్దున ప్రొజెక్టర్ పెట్టి చూపించాను. ఎనిమిది మంది ఉన్నారు. నలభై ఏడు మెట్లు ఒక్క బటన్‌తో అయిపోతుంటే ఎవరైనా కుర్చీలోంచి లేస్తారేమో అని చూశాను. ఒకాయన పెన్ను మూత పెట్టాడు. ఒకావిడ "ష్పానెండ్" అంది. అంటే ఉత్కంఠభరితం అని అర్థం, కానీ ఇక్కడి మీటింగుల్లో ఆ మాటకి "ఇప్పుడే నేనేమీ అనలేను" అని తాత్పర్యం. మీకు వచ్చిన "ఆసక్తికరంగా ఉంది" కూడా ఆ కోవలోదే. పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ కాగానే అందరూ భోజనానికి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం హెచ్ఆర్ నుంచి మెయిలు. మెచ్చుకుంటూ కాదు, ఆదివారం నా పేరు మీద పని ఎందుకు నమోదైందో కనుక్కోవడానికి. ఇక్కడ ఆదివారం పని చేయించాలంటే మామూలుగా అనుమతి ఉండాలి, పని గంటల లెక్క ఉంచడం యజమాని బాధ్యత. నా ఉత్సాహం వాళ్లకి తలనొప్పి తెచ్చిందన్నమాట. (ఆదివారం పని వద్దనే ఈ దేశమే, 2023 మార్చి 19న, ఆదివారం సాయంత్రం పూట, క్రెడిట్ స్విస్ బ్యాంకుని యూబీఎస్ కొంటున్నట్టు బెర్న్‌లో కూర్చుని ప్రకటించింది. అవసరం పడితే ఆదివారం ఏకంగా బ్యాంకే చేతులు మారుతుంది, అది వేరే విషయం.)

అసలు సంగతి మూడు రోజుల తర్వాత కాఫీ మెషీన్ దగ్గర తెలిసింది. మా టీమ్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఉన్న ఒక పెద్దాయన, ఆ ఎక్సెల్ షీటు రాసిందే ఆయనట, నాకు కప్పు అందిస్తూ మెల్లిగా అడిగాడు: "ముప్పై మూడో మెట్టు ఎందుకుందో ఎవరినైనా అడిగారా?" అడగలేదు. ఒకసారి పెన్షన్ చెల్లింపులు రెండుసార్లు వెళ్లిపోయి, వాటిని వెనక్కి రప్పించడానికి నెలలు పట్టిందట, అప్పటి నుంచి ఆ మెట్టు పెట్టారట. నా ఆటోమేషన్‌లో ఆ మెట్టు లేదు. అనవసరమని నేనే తీసేశాను. ఆయన ఈ మాట మీటింగులో అందరి ముందూ అనొచ్చు. అనలేదు. నా పరువు కాపాడి, మూడు రోజులు ఆగి, కాఫీ దగ్గర చెప్పాడు. ఇది అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది, మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను.

పెళ్లి సంబంధాల్లో నిశ్చయ తాంబూలాల రోజు గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు ఎవరైనా బేరాలాడతారా? ఆడరు. ముహూర్తం ఎప్పుడు, పెళ్లి ఎక్కడ, ఎంతమంది వస్తారు, అన్నీ అంతకుముందే మధ్యవర్తి ఆ ఇంటికీ ఈ ఇంటికీ పదిసార్లు తిరిగి, అలిగిన మేనమామని కూడా బతిమాలి, తేల్చేసి ఉంటాడు. తాంబూలాలు పుచ్చుకోవడం ఆ ఒప్పందాన్ని నలుగురి ముందూ బయటపెట్టడం, అంతే. స్విస్ మీటింగ్ అంటే తాంబూలాలు. మీరూ నేనూ చేసింది, మధ్యవర్తిత్వం ఏమీ లేకుండా తిన్నగా పళ్లెం పట్టుకుని హాల్లోకి వెళ్లిపోవడం. పిల్లవాడు ఎంత మంచివాడైతే మాత్రం ఎవరు పుచ్చుకుంటారు?

అమెరికన్ కంపెనీలో దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ ముందు ఒకడు నిర్ణయం తీసుకుంటాడు, తర్వాత మిగతావాళ్లని ఒప్పిస్తాడు, ఒప్పుకోకపోయినా పని మొదలైపోతుంది, ఆరు నెలలకి బాస్ మారితే మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది, ఎవరూ ఏడవరు. నిర్ణయం చవక కాబట్టి తొందరగా తీసుకోవచ్చు. ఇక్కడ నిర్ణయం ఖరీదు ఎక్కువ, ఎందుకంటే ఒకసారి తీసుకుంటే దాన్ని నిజంగానే చేస్తారు. నెమ్మది అని మీరు విసుక్కుంటున్నదంతా నిర్ణయానికి ముందు జరిగే పని. నిర్ణయమయ్యాక వీళ్ల వేగం మీరింకా చూడలేదు. మా కంపెనీలో ఒక డేటాబేస్ మార్చాలా వద్దా అని తొమ్మిది నెలలు మాట్లాడుకున్నారు, మార్చడం మాత్రం అనుకున్న వారాంతంలో, అనుకున్న గంటకి అయిపోయింది, ఒక్క ఫోన్ కాల్ రాలేదు.

ఈ అలవాటు ఆఫీసులో పుట్టింది కాదు, దేశం నడిచే తీరే అది. ఇక్కడ పార్లమెంటు చట్టం చేసినా 100 రోజుల్లో 50,000 సంతకాలు సేకరిస్తే దాన్ని ప్రజల ఓటుకి ఈడ్చవచ్చు. అందుకని ముఖ్యమైన చట్టం ఏది తేవాలన్నా ముందే రాష్ట్రాల్లాంటి కాంటన్లని, పార్టీలని, సంఘాలని అభిప్రాయం అడుగుతారు. దాన్ని ఫెర్‌నేమ్‌లాసుంగ్ అంటారు. మొదట్లో అడగకపోతే చివర్లో కాలు పట్టుకుని లాగేస్తారని అందరికీ తెలుసు. ప్రభుత్వంలో ఉండేది ఏడుగురు మంత్రులు, వేర్వేరు పార్టీల వాళ్లు, అధ్యక్ష పదవి ఏడాదికొకరికి మారుతుంది, బయటికి వచ్చి మాట్లాడేటప్పుడు ఏడుగురిదీ ఒకే మాట. ఆల్ప్స్ కింద రైలు సొరంగాల పథకానికి 1992లో ఓటేశారు, 57 కిలోమీటర్ల గొథార్డ్ సొరంగం 2016లో తెరిచారు. ఇరవై నాలుగేళ్లు. మధ్యలో ఎవరేమన్నా పథకాన్ని వదల్లేదు. మీ టీమ్‌లో కూర్చున్నవాళ్లు ఇలాంటి ఊళ్లో పెరిగినవాళ్లు. మీ రెండు వారాల ప్రోటోటైప్ చూసి వాళ్లకి ముందు వచ్చే ఆలోచన "దీన్ని పదేళ్లు ఎవరు చూసుకుంటారు?" అని.

ఇంకో పెద్ద బోల్తా "సరే" అనే మాట దగ్గర. మనకి అమెరికన్ కంపెనీల్లో, అంతకుముందు హైదరాబాద్‌లో కూడా, "శుక్రవారానికి అవుతుందా?" అంటే "ట్రై చేద్దాం సార్, అయిపోతుంది" అనడం అలవాటు. అవతలివాడికీ తెలుసు అది సోమవారం అని. పైగా అక్కడ లక్ష్యాలు కావాలనే అందనంత ఎత్తులో పెడతారు, ఓకేఆర్‌లనే లక్ష్యాల పట్టికల్లో 70 శాతం అయితే బాగా చేసినట్టే లెక్క. ఇక్కడ 70 శాతం అంటే 30 శాతం మాట తప్పినట్టు. శుక్రవారం అంటే శుక్రవారం, దాన్ని నమ్ముకుని ఇంకొకరు సోమవారం పని పెట్టుకుని ఉంటారు. కుదరదని ముందే చెప్తే ఎవరూ చిన్నబుచ్చుకోరు, "సరే, బుధవారం రాసుకుంటాను" అంటారు, అంతే. నాకు ఇది నోట రావడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్నప్పుడు "కాదు" అనే మాట మన నాలుకకి అందేది కాదు కదా, ఉద్యోగం పోతే మూటాముల్లె సర్దుకోవాలనే టెన్షన్ ఎప్పుడూ వెనకాలే ఉండేది.

మెచ్చుకోలు విషయంలో మాత్రం మనకి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, ఉన్నదాన్ని గుర్తు తెచ్చుకుంటే చాలు. మా అమ్మమ్మ జీవితంలో ఎవరి వంటనీ "అద్భుతం" అని ఎరగదు. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుని, నెయ్యి వేసుకుని, రెండోసారి వడ్డించుకుంటూ "పర్లేదే" అనేది. అదే ఆవిడ ఇచ్చే పెద్ద బిరుదు. వీళ్ల "నిహ్ట్ ష్లెహ్ట్", అంటే చెడ్డగా లేదు, అచ్చం ఆ పర్లేదే. డాలస్‌లో రోజుకి పది ఆసమ్‌లు, ఐదు అమేజింగ్‌లు విన్న చెవికి ఇది చల్లగా తగులుతుంది. అలాగే వెనక్కి తిరిగితే, మీ మేనేజర్ "కొంచెం తొందరపడుతున్నారు" అన్నాడే, ఆ "కొంచెం" అన్న మాటని కొంచెంగా తీసుకోకండి. స్విస్ మనిషి నోరు తెరిచి అంతవరకూ అన్నాడంటే అది గట్టి మాటే. కానీ బెదిరింపు కాదు. మిమ్మల్ని పంపేయాలనుకుంటే ఇంత ఓపిగ్గా చెప్పేవాడు కాదు.

ఉద్యోగ భద్రత గురించి మనవాళ్లలో ఒక అపోహ ఉంది, యూరప్ కదా, తీసేయలేరు అని. జర్మనీ, ఫ్రాన్స్ సంగతి వేరు. ఇక్కడ యజమాని పెద్ద కారణం లేకుండానే తీసేయవచ్చు, మీరు అడిగితే కారణం రాసి ఇవ్వాలి, అంతే. అమెరికాతో తేడా గడువులో ఉంది. అక్కడ పొద్దున బ్యాడ్జి పనిచేయకపోతే పోయినట్టే. ఇక్కడ కాంట్రాక్టులో వేరేగా రాసుకోకపోతే, ప్రొబేషన్‌లో 7 రోజుల నోటీసు, ఆ తర్వాత మొదటి ఏడాది 1 నెల, 2వ ఏడాది నుంచి 9వ ఏడాది దాకా 2 నెలలు, 10వ ఏడాది నుంచి 3 నెలలు, ప్రొబేషన్ దాటాక ఇచ్చే నోటీసు నెలాఖరుకి ముగిసేలా ఉండాలి. చాలా ఆఫీసు కాంట్రాక్టుల్లో ప్రొబేషన్ దాటగానే 3 నెలలు అనే రాసి ఉంటుంది, మీది తీసి చూసుకోండి. ప్రొబేషన్ తర్వాత జబ్బు చేస్తే కొంతకాలం నోటీసు ఇవ్వడానికి వీల్లేదు, మొదటి ఏడాదిలో 30 రోజులు, 2 నుంచి 5 ఏళ్ల దాకా 90, ఆ పైన 180. ఈ గడువు రెండు వైపులా కట్టేస్తుంది. ప్రొబేషన్ దాటాక మీరు వెళ్లిపోతానన్నా ఆ మూడు నెలలు ఉండి, పని అప్పజెప్పి, జనానికి ఆపెరో, అంటే చిరుతిళ్లు, పానీయాల చిన్న విందు, ఇచ్చి వెళ్లాలి.

వెళ్లేటప్పుడు ఒక కాగితం ఇస్తారు, ఆర్బైట్స్‌త్సోయ్గ్‌నిస్ అని. మన రిలీవింగ్ లెటర్ లాంటిది అనుకుని నేను మడిచి ఫైల్లో పెట్టేశాను, తర్వాత ఇంటర్వ్యూలో అవతలావిడ దాన్ని ఒక్కో వాక్యం చదువుతుంటే చెమటలు పట్టాయి. చెడు రాయకూడదు, నిజమే రాయాలి, రెండూ కుదరాలి కాబట్టి అందులో ఒక రహస్య భాష పుట్టింది. "ఎల్లప్పుడూ మాకు పరిపూర్ణ సంతృప్తి కలిగించారు" అంటే చాలా మంచి ఉద్యోగి. "మాకు సంతృప్తి కలిగించారు" అంటే అంతంత మాత్రం. "ప్రయత్నించారు" అని ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మీ మేనేజర్ మారినప్పుడల్లా మధ్యంతర సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, అది మీ హక్కు, ఎవరూ తప్పుపట్టరు.

సాయంత్రం ఆరు తర్వాత జవాబు రాదన్నారు. రాదు. రాకూడదు కూడా. ఆఫీసు ఉద్యోగాలకి చట్టం పెట్టిన హద్దు వారానికి 45 గంటలు, కాంట్రాక్టుల్లో మామూలుగా 40 నుంచి 42. ఆ గంటల్లో మాత్రం వీళ్లు నిజంగా పని చేస్తారు. న్యూజెర్సీలో లాగా మధ్యలో క్రికెట్ స్కోరు, గ్రీన్ కార్డ్ క్యూ కబుర్లు ఉండవు. తొమ్మిదింటికి ఒక చిన్న కాఫీ, దానికి త్స్నూని అని పేరు, పన్నెండింటికి భోజనం, ఐదున్నరకి "షోనె ఫీరాబిగ్", అంటే సాయంత్రం హాయిగా గడపండి, అని చెప్పి వెళ్లిపోతారు. సెలవు కనీసం 4 వారాలు చట్టంలోనే ఉంది, చాలా కంపెనీలు 5 ఇస్తాయి, అందులో రెండు వారాలు ఒకే విడతగా తీసుకోవాలి. బద్ధకస్తులేమో అనుకునేరు, 2012లో అందరికీ 6 వారాల సెలవు ఇవ్వాలా అని ఓటు పెడితే మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. ఈ సంగతి విశాఖలో మా బావగారికి చెప్తే ఇప్పటికీ నమ్మడు.

మీరు రాత్రి పదకొండుకి మెయిలు పెడితే దాన్ని మీ కష్టానికి గుర్తుగా ఎవరూ చూడరు, పగలు పని సర్దుకోలేకపోతున్నాడేమో అనుకుంటారు. రాసుకోండి, పొద్దున ఎనిమిదికి వెళ్లేలా పెట్టుకోండి. మీ టీమ్‌లో పూర్తి పనిలో 80 శాతానికే కాంట్రాక్టు రాసుకున్నవాళ్లు కచ్చితంగా ఉంటారు, వారానికి నాలుగు రోజులే వస్తారు, మేనేజర్లు కూడా. వాళ్లు రాని రోజున మీటింగ్ పెట్టడం, పన్నెండు నుంచి ఒంటిగంట మధ్యలో పెట్టడం, ఈ రెండూ చేయకుండా ఉంటే సగం మంచి పేరు వచ్చేసినట్టే. ఎవరైనా మూడు వారాలు మాయమైతే కంగారు పడకండి, సైనిక శిక్షణకి వెళ్లి ఉంటారు, స్విస్ పౌరులైన మగవాళ్లకి సైనిక సేవ తప్పనిసరి.

సమయం గురించి కొత్తగా చెప్పేదేముంది, అందరికీ తెలిసిందే. కానీ స్టేషన్లో ఆ గడియారాన్ని ఒకసారి నిలబడి చూడండి. హాన్స్ హిల్ఫికర్ అనే రైల్వే ఇంజినీరు 1944లో చేసిన నమూనా. తర్వాత చేర్చిన ఎర్ర సెకన్ల ముల్లు 58 సెకన్ల చిల్లరలో చుట్టు పూర్తి చేసి పైన ఆగి నిలబడుతుంది, మెయిన్ గడియారం నుంచి సిగ్నల్ వచ్చాక అన్నీ కలిసి కదులుతాయి. నేను రోజూ చూస్తాను, ఇప్పటికీ విసుగు రాలేదు.

కబుర్ల విషయంలో మనకి ఒక లాభం ఉంది. జర్మన్‌లో జీ, డూ అని రెండున్నాయి, మన మీరు, నువ్వు. అమెరికావాడికి ఇది బుర్రకెక్కదు, మనకి పాలతో వచ్చింది. ఐటీలో దాదాపు అంతా నువ్వే నడుస్తుంది కానీ, పాత తరహా కంపెనీలో పెద్దవాళ్లు తామే "మనం నువ్వనుకుందాం" అనేదాకా ఆగడం మంచిది. అప్పుడు గ్లాసులు తగిలిస్తారు, తాగేది ఆపిల్ జ్యూసైనా సరే, కళ్లలోకి చూస్తూ పేరు పలకాలి, గ్లాసు వైపు చూస్తే అమర్యాద. లిఫ్టులో, వంటగదిలో ముఖం తెలియనివాళ్లకి కూడా "గ్రూయెత్సి", అంటే నమస్కారం, అనండి. పుట్టినరోజుకి టీమ్ కేకు తెస్తుందని అమెరికా అలవాటులో ఎదురు చూశాను మొదటి ఏడాది, సాయంత్రం దాకా ఎవరూ పలకలేదు. నాలుగింటికి ఒకమ్మాయి జాలిగా "ఈ రోజు కేకు లేదా?" అని నన్నే అడిగింది. ఇక్కడ పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే తేవాలి. మనం బళ్లో కొత్త బట్టలేసుకుని క్లాసంతా చాక్లెట్లు పంచాం కదా, అదే లెక్క, మధ్యలో అమెరికా వెళ్లి మర్చిపోయాం. మరుసటి ఏడాది మా ఆవిడ చేసిన కొబ్బరి లౌజు పట్టుకెళ్తే డబ్బా ఖాళీ చేసి, దాన్నెలా చేస్తారో ఆ రోజే రాయించుకున్నారు.

జీతం వివరాలు ఎవరినీ అడగకండి, మీది చెప్పకండి. డబ్బు లెక్కలో మీకిప్పుడు అర్జెంటుగా ఒకటే: ఆరోగ్య బీమా ఇక్కడ కంపెనీ ఇవ్వదు, ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి, వచ్చిన 3 నెలల్లోపు. మీకు రెండు నెలలు అయిపోయాయి. ఎప్పుడు తీసుకున్నా వచ్చిన రోజు నుంచే ప్రీమియం కట్టించుకుంటారు కాబట్టి వాయిదా వేసి మిగిల్చేది ఏమీ లేదు. ఏటా ముందు మీరు పెట్టుకునే ఖర్చు 300 నుంచి 2,500 ఫ్రాంకుల దాకా ఎంచుకోవచ్చు. యాక్సిడెంట్ బీమా మాత్రం కంపెనీదే. పదమూడో నెల జీతం కాంట్రాక్టులో ఉందో లేదో చూడండి, అది బోనస్ కాదు, మీ జీతంలో భాగమే. గ్రీన్ కార్డు ఇంకా వదులుకోకపోతే అమెరికా పన్ను రిటర్నులు దాఖలు చేస్తూనే ఉండాలి, అది మర్చిపోయి ఇరుక్కున్నవాళ్లని చూశాను.

అంతా బాగుందని నేను అనను. ఇక్కడ ఎదుగుదల నిదానం, టైటిళ్లు తక్కువ, పైవాడు రిటైరైతేగానీ కుర్చీ ఖాళీ కాదు. వీళ్ల స్నేహాలు బడిలోనే కుదిరిపోయి ఉంటాయి, భోజనాల బల్ల దగ్గర మీరు కూర్చోగానే మర్యాదకి ఇంగ్లీషులోకి మారతారు, పది నిమిషాల్లో తెలియకుండానే మళ్లీ జ్యూరిక్ యాసలోకి జారిపోతారు, మీరు నవ్వుతూ బంగాళాదుంపలు లెక్కపెట్టుకుంటారు. జర్మన్ నేర్చుకోవడం తప్పదు, ఆఫీసు భాష ఇంగ్లీషని రాసిచ్చినా సరే, ఎందుకంటే నేను చెప్పిన మధ్యవర్తిత్వం అంతా కాఫీ దగ్గర జర్మన్‌లోనే జరుగుతుంది. చిన్నపిల్లలుంటే డేకేర్ రోజుకి వంద ఫ్రాంకులు దాటుతుంది. ఏదైనా తప్పు చేస్తే మొహం మీద తిట్టరు, అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో చీటీ అంటిస్తారు. పేరుండదు. నాకు వచ్చిన చీటీలో డ్రయ్యర్ జల్లెడ ఎలా తుడవాలో బొమ్మ కూడా గీశారు.

సరే, ఈ నెల రోజుల్లో ఏం చేయాలి. ఆ ప్రోటోటైప్‌ని పారేయకండి, మళ్లీ చూపించకండి. అది మారితే ఎవరి పని మారుతుందో నలుగురి పేర్లు రాసుకోండి: దాన్ని రాత్రిపూట నడపాల్సిన ఆపరేషన్స్ మనిషి, సెక్యూరిటీ మనిషి, దాన్ని వాడే విభాగం నుంచి ఒకరు, అన్నిటికంటే ముందు పాతది రాసిన మనిషి. ఒక్కొక్కరిని విడిగా కాఫీకి పిలవండి. ల్యాప్‌టాప్ వద్దు, ఒక కాగితం చాలు. దాని మీద రెండు దారులు రాసి "నాకు తెలియనిది ఏముంది ఇందులో?" అని అడిగి నోరు మూసుకోండి. వీళ్లు మాట మధ్యలో చాలాసేపు ఆగుతారు, ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకండి, అసలు మాట దాని తర్వాతే వస్తుంది. వాళ్లు చెప్పింది కాగితంలో కలిపి, ఎవరు చెప్పారో పేరు పెట్టి, నలుగురికీ తిరిగి పంపండి. అప్పుడు మీటింగ్ పెట్టండి, మూడు రోజుల ముందే అజెండా వెళ్లాలి, దాన్ని ట్రాక్టాండెన్ అంటారు, మిగిలిపోయిన పనుల జాబితాని పెండెంత్సెన్ అంటారు, ఈ రెండు మాటలు వాడితే చాలు, మీ వైపు చూసే చూపు మారుతుంది. నా ఎక్సెల్ షీటుకి ఇదంతా చేయడానికి ఐదు నెలలు పట్టింది. ముప్పై మూడో మెట్టు ఉంచేశాం. మిగతా నలభై ఆరింటిలో నలభై పోయాయి. ఆ మీటింగ్ పన్నెండు నిమిషాల్లో అయిపోయింది, నా డెమో కూడా అడగలేదు. పెద్దాయన కాగితం మీద సంతకం పెడుతూ నా వైపు చూడకుండానే "నిహ్ట్ ష్లెహ్ట్" అన్నాడు.

మేనేజర్‌ని మీరే అడిగి అరగంట టైమ్ తీసుకోండి, ప్రొబేషన్ అయ్యే దాకా ఆగకండి. "తొందర అన్నారు, ఎక్కడ ఎవరికి ఇబ్బంది అయిందో చెప్తే సర్దుకుంటాను" అనండి. మీరు చేసిన గొప్ప పనుల పట్టిక పట్టుకెళ్లకండి. డాలస్ ఆయనకి ఇప్పుడే అవుననీ కాదనీ చెప్పకండి, రెండు నెలలకే వెళ్లిపోతే ఇక్కడి సర్టిఫికెట్‌లో తేదీలు తప్ప ఏమీ ఉండవు. ఏడాది చూడండి, రెండు చలికాలాలు చూస్తే ఇంకా మంచిది. అప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంటే వెళ్లిపోండి, కొందరికి నిజంగానే పడదు, మా పాత టీమ్‌లో కాలిఫోర్నియా నుంచి వచ్చినతను పద్నాలుగు నెలలకి తిరిగెళ్లి ఇప్పుడు హాయిగా ఉన్నాడు.

అన్నట్టు, వేసవి సెలవులు టీమ్ క్యాలెండర్లో పెట్టారా? పెట్టి ఉండరు, కొత్తగా చేరి సెలవు అడిగితే బాగుండదని మొహమాటపడి ఉంటారు. రేపే పెట్టేయండి. మీ పేరు పక్కన ఖాళీగా ఉన్నంతకాలం మిగతావాళ్లు తమ సెలవులు ఖాయం చేసుకోలేక ఇబ్బంది పడుతుంటారు, మీకు మాత్రం ఎవరూ చెప్పరు.